ఆర్డరు ఇచ్చింది మేజరు, తాగింది మైనరు: బార్ బాధ్యత ఎంతవరకు?

మీ ప్రశ్న సారాంశం ఇది. గుంటూరులో మీ మేనమామ గారి పేరు మీద బార్ అండ్ రెస్టారెంట్ ఉంది, దాని నిర్వహణ మీరు చూస్తున్నారు. ఒక సాయంత్రం పుట్టినరోజు వేడుక చేసుకోవడానికి ఆరుగురు ఇంజనీరింగ్ విద్యార్థులు వచ్చారు. వారిలో 22 ఏళ్ళ కుర్రవాడు ఒక్కడే ఆర్డరు ఇచ్చాడు, బిల్లు కూడా అతనే కట్టాడు, కానీ టేబుల్ మీద అందరూ తాగారు. వారిలో ఒకడికి ఇంకా 17 ఏళ్ళేనని మర్నాడు అతని తండ్రి వచ్చి చెప్పి, పోలీసులకూ ఎక్సైజ్ వారికీ ఫిర్యాదు చేస్తానన్నారు. మేం అమ్మింది మేజరుకే కదా, అతను పక్కవాడికి పోసిస్తే మాకేమిటి సంబంధం అని మీరు అడిగారు.

సూటిగా చెప్పాలంటే, సంబంధం ఉంది. బిల్లు ఎవరు కట్టారన్నది ఇక్కడ మొదట తేల్చే విషయం కాదు. మీ లైసెన్సు ఉన్న గదిలో, మీ సప్లయర్ కళ్ళ ఎదుట, మీరు అమ్మిన మద్యాన్ని వయసు నిండని పిల్లవాడు తాగాడా లేదా అన్నదే మొదటి విషయం. తాగాడని తేలితే లైసెన్సీగా, అంటే లైసెన్సు తన పేరున ఉన్నవారిగా, మీ మేనమామ గారు, మేనేజరుగా మీరు, ఆ రాత్రి ఆ టేబుల్ చూసిన సప్లయర్, ముగ్గురూ జవాబు చెప్పుకోవలసి వస్తుంది. మాకు తెలియదు అన్న మాట ఒక్కటే మిమ్మల్ని కాపాడదు. తెలుసుకోవడానికి మీరు ఏమేం చేశారో ఆధారాలతో చూపగలిగితే అది చాలావరకు కాపాడుతుంది.

నేను విజయవాడ, గుంటూరు కోర్టుల్లో చాలా కాలంగా ఎక్సైజ్ కేసులు చూస్తున్న న్యాయవాదిని. ఎక్కువగా లైసెన్సీల తరఫున, కొన్నిసార్లు పిల్లల తల్లిదండ్రుల తరఫున వాదించాను. రెండు వైపులా చూసినవాడిగా చెబుతున్నాను.

ముందుగా మీరు వేరు చేసుకోవలసింది వయసు హద్దులను. మీ టేబుల్ దగ్గర రెండు చట్టాలు పనిచేస్తున్నాయి, చాలామంది లైసెన్సీలకు ఒక్కటే తెలుసు. మొదటిది 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం. దాని 36వ సెక్షన్ లైసెన్సీ దుష్ప్రవర్తనకు శిక్షలు చెబుతుంది. 21 ఏళ్ళ లోపు వాడిగా కనిపించే వ్యక్తికి మద్యం అమ్మినా, ఇచ్చినా నేరమే. ఆ మద్యం అతను తాగడానికా, ఇంకెవరి కోసమైనా తీసుకువెళ్ళడానికా అన్న తేడా చట్టం పాటించదు. లైసెన్సున్న చోటే తాగాడా, బయటికి పట్టుకుపోయాడా అన్న తేడా కూడా లేదు. బీరు మద్యం కిందికి రాదనీ, వైన్ పరవాలేదనీ కొందరు కుర్రాళ్ళు వాదిస్తుంటారు. మన రాష్ట్రంలో అన్నిటికీ హద్దు 21.

రెండవది 2015 నాటి బాలల న్యాయ చట్టం, అంటే జువెనైల్ జస్టిస్ చట్టం. ఇది దేశమంతటికీ ఒక్కటే, ఇందులో పిల్లలంటే 18 ఏళ్ళు నిండనివారు. దాని 77వ సెక్షన్ ప్రకారం అర్హత గల వైద్యుడి సలహా మేరకు తప్ప పిల్లలకు మద్యం ఎవరు ఇచ్చినా, ఇప్పించినా 7 ఏళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష, దానితో పాటు లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇక్కడ అమ్మడం అన్న షరతు లేదు, ఇవ్వడం చాలు. ఇది లైసెన్సీకి మాత్రమే పరిమితమైన సెక్షన్ కూడా కాదు. గ్లాసులో పోసిన 22 ఏళ్ళ స్నేహితుడికీ, పండగ పూట సరదాకని కొడుకు చేతికి బీరు గ్లాసు అందించే తండ్రికీ ఇదే వర్తిస్తుంది.

కాబట్టి మీ టేబుల్ దగ్గర 18, 19, 20 ఏళ్ళ వాళ్ళు తాగి ఉంటే వారి విషయంలో ఎక్సైజ్ చట్టం ఒక్కటే వస్తుంది. 17 ఏళ్ళ వాడి విషయంలో రెండూ వస్తాయి. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఎక్సైజ్ చట్టంలో రుసుము కట్టి రాజీ చేసుకునే దారి ఉంది. ఆ రుసుము కట్టి రసీదు తెచ్చుకుని, వ్యవహారం ముగిసిందని ఇంటికి వెళ్ళిన లైసెన్సీలను నేను చూశాను. ఎక్సైజ్ శాఖతో కుదిరిన రాజీ బాలల న్యాయ చట్టం కింద పోలీసులు పెట్టే కేసును ఆపదు. అది వేరే చట్టం, వేరే దర్యాప్తు, వేరే కోర్టు.

రాష్ట్రానికో వయసు ఉన్నందువల్ల కస్టమర్ల నుంచి వచ్చే వాదన ఒకటుంది. మద్యం రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలు ప్రకారం రాష్ట్రాల పరిధిలోది కాబట్టి గోవాలో 18, కేరళలో 23, ఢిల్లీలో 25 అని రకరకాలుగా ఉంది. కాకినాడ దాటగానే వచ్చే యానాం పుదుచ్చేరిలో భాగం కనుక అక్కడ 18. యానాంలో అడగలేదు, ఇక్కడెందుకు అడుగుతారు అని కుర్రాళ్ళు మీ సప్లయర్‌ను నిలదీస్తారు. ఏ ఊళ్ళో గ్లాసు ఎత్తితే ఆ ఊరి చట్టమే వర్తిస్తుందని అతను తడుముకోకుండా చెప్పగలగాలి.

ఇక మీ అసలు వాదనకు వస్తాను. ఆర్డరు మేజరుది కాబట్టి మాది తప్పు కాదన్న ఈ వాదన నేను లైసెన్సీల నోటి నుంచి అన్నిటికంటే ఎక్కువగా వినే వాదన, అన్నిటికంటే త్వరగా కూలిపోయే వాదన కూడా ఇదే. ఎందుకు కూలిపోతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. విజయవాడలో ఏలూరు రోడ్డుకు దగ్గర్లో ఉన్న ఒక బార్‌లో మీకు జరిగినట్టే జరిగింది. బిల్లు ఒక ఉద్యోగి పేరున ఉంది, అతనికి 25 ఏళ్ళు. అతని తమ్ముడూ, తమ్ముడి స్నేహితులూ కళాశాల విద్యార్థులు. లైసెన్సీ జవాబులో మేం మేజరుకు మాత్రమే అమ్మాం అని రాశారు. విచారణలో సీసీ కెమెరా దృశ్యాలు పెట్టి చూస్తే, సప్లయర్ టేబుల్ దగ్గరికి ఐదు గ్లాసులు తెచ్చి, ఐదింటిలోనూ తానే కొలిచి పోసి, ఐదింటిలోనూ సోడా కలిపి, ఒక్కొక్కరి ముందు ఒక్కో గ్లాసు పెట్టడం కనిపించింది. ఆ తరువాత బిల్లు ఎవరి పేరున ఉందన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. సప్లయర్ చేయి ఎవరి ముందు గ్లాసు పెట్టిందో వారికే బార్ మద్యం ఇచ్చినట్టు.

మీ సప్లయర్ ఒక్కడికే ఇచ్చానంటున్నాడని రాశారు. అది నిజమే కావచ్చు. అలాగైతే అతను ఎన్ని గ్లాసులు తెచ్చాడన్న ప్రశ్న వస్తుంది. ఒక మనిషికి ఫుల్ బాటిలూ, ఆరు గ్లాసులూ, ఆరు సోడాలూ ఇచ్చి, తక్కిన ఐదుగురూ తాగుతారని నేను ఊహించలేదంటే ఏ అధికారీ నమ్మడు. సప్లయర్ ఒకే గ్లాసు ఇచ్చాడు, మిగిలినవారికి కూల్ డ్రింకులు ఇచ్చాడు, వాటిలో వాళ్ళు చాటుగా కలుపుకున్నారు అన్నది మాత్రం వేరే కథ. అది దృశ్యాల్లో కనిపిస్తే మీ జవాబుకు బలం వస్తుంది. అప్పుడు కూడా, కలుపుకోవడం చూసిన తరువాత సప్లయర్ ఏం చేశాడని అడుగుతారు. చూసి వారించి బాటిల్ వెనక్కి తీసుకుంటే ఒక సంగతి, చూసి మరో రౌండ్ తెస్తే ఇంకో సంగతి.

నౌకరు చేసిన తప్పు లైసెన్సీకి అంటుతుందా? అంటుతుంది. 36వ సెక్షన్ లైసెన్సీతో పాటు అతని దగ్గర పనిచేసేవారినీ కలుపుకునే మాట్లాడుతుంది. లైసెన్సును సస్పెండ్ చేయడానికీ, రద్దు చేయడానికీ అధికారం ఇచ్చే 31వ సెక్షన్ కూడా లైసెన్సీ స్వయంగా షరతు మీరినా, అతని నౌకర్లు మీరినా ఒకే విధంగా చూస్తుంది. మీ మేనమామ గారు ఆ రాత్రి హైదరాబాదులో ఉన్నారని రాశారు. క్రిమినల్ కేసులో అది కొంత పనికివస్తుంది, లైసెన్సు విషయంలో దాదాపు పనికిరాదు. మద్యం వ్యాపారం చేయడం పౌరుడి ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో స్పష్టం చేసింది. లైసెన్సు ప్రభుత్వం షరతులతో ఇచ్చిన అనుమతి మాత్రమే. షరతు తప్పితే దాన్ని వెనక్కి తీసుకోవడానికి మీకు వినిపించుకునే అవకాశం ఇస్తే సరిపోతుంది. అది ఇవ్వకుండా రద్దు చేస్తే నేలపాడులోని హైకోర్టుకు రిట్ వేయవచ్చు, కానీ అక్కడ కూడా కోర్టు ముందు చూసేది పద్ధతి పాటించారా లేదా అన్నదే.

మీ పేరు నౌకర్నామాలో ఉందో లేదో మీరు రాయలేదు. ఈ రోజే చూసుకోండి. లైసెన్సీ లేనప్పుడు బార్‌లో అమ్మకం చూసేవాడిగా శాఖ దగ్గర నమోదైన మనిషి ఎవరో అది చెబుతుంది. చాలా బార్లలో నౌకర్నామా ఎప్పుడో మానేసిన పాత మేనేజరు పేరు మీదే ఉండిపోతుంది. అలా ఉంటే మీ మేనమామ గారి మీద ఇంకొక షరతు ఉల్లంఘన అదనంగా వచ్చి పడుతుంది, మీ హోదా ఏమిటో మీకే తెలియని స్థితి ఏర్పడుతుంది.

వయసు రుజువు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి. కేసు పెట్టేవారు ఆ కుర్రవాడి వయసును రుజువు చేయడానికి ఎక్కువగా పదో తరగతి మార్కుల మెమో తెస్తారు. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ కూడా పాఠశాల ధ్రువపత్రాన్నీ మెట్రిక్యులేషన్ పత్రాన్నీ ముందు వరుసలో పెట్టింది. అవి లేకపోతే మునిసిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. కాబట్టి చూడడానికి పాతికేళ్ళవాడిలా ఉన్నాడు, గడ్డం ఉంది అన్న మీ మాట అతని వయసును మార్చదు. అది మీ ఉద్దేశం గురించి మాత్రమే కొంత చెబుతుంది, అది కూడా ఎక్సైజ్ చట్టం కింద మాత్రమే ఎక్కువగా ఉపయోగపడుతుంది. 77వ సెక్షన్‌లో 18 ఏళ్ళ లోపు వాడా కాదా అన్నదే ఉంది, పైకి ఎలా కనిపించాడన్న మాట లేదు.

ఆధార్ కార్డు పుట్టిన తేదీకి గట్టి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో చెప్పింది. దీన్ని పట్టుకుని, అలాంటప్పుడు ఆధార్ చూసి మాకేం లాభం అని కొందరు బార్ యజమానులు నన్ను అడిగారు. ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. కోర్టులో వయసు తేల్చడానికి ఏ పత్రం చెల్లుతుందన్నది ఒకటి. అమ్మే ముందు మీరు సహేతుకమైన జాగ్రత్త తీసుకున్నారా అన్నది మరొకటి. రెండవ దానికి ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, పాస్‌పోర్టు, డిజీలాకర్‌లో చూపించే పత్రం, ఇవన్నీ పనికివస్తాయి. ఆధార్ అయితే దాని మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి చూడండి, ఫోటోషాప్ చేసిన కార్డులు అక్కడే దొరికిపోతాయి. కొన్ని పాత కార్డుల మీద పుట్టిన సంవత్సరం మాత్రమే ఉంటుంది. 21 నిండే ఏడాదైతే అలాంటి కార్డును ఒప్పుకోకండి.

కళాశాల గుర్తింపు కార్డు చూసి తృప్తి పడవద్దు. మన పిల్లలు సాధారణంగా 15 ఏళ్ళకు పదో తరగతి, 17 ఏళ్ళకు ఇంటర్ పూర్తి చేసి బీటెక్‌లో చేరతారు. అంటే మొదటి ఏడాది నుంచి మూడో ఏడాది వరకు ఉన్నవారు దాదాపు అందరూ 21 నిండనివారే, నాలుగో ఏడాదిలో కూడా కొందరికి నిండదు. గుంటూరు, విజయవాడ, ఆ రెంటి నడుమ మంగళగిరి, వడ్డేశ్వరం వరకు ఇంజనీరింగ్ కళాశాలలూ హాస్టళ్ళూ ఎన్ని ఉన్నాయో మీకు తెలియంది కాదు. మెడలో కళాశాల ట్యాగుతో ఒక గుంపు లోపలికి వచ్చిందంటే అది అనుమతి పత్రం కాదు, హెచ్చరిక. విచారణాధికారి కూడా ఆ ట్యాగును దృశ్యాల్లో చూసి మిమ్మల్ని అదే అడుగుతాడు.

జాగ్రత్త తీసుకున్నారని నిరూపించుకున్న బార్ ఎలా బయటపడిందో కూడా చెప్పాలి. గుంటూరులోనే ఒక బార్‌కు 19 ఏళ్ళ కుర్రవాడు వచ్చాడు. తన అన్న ఆధార్ చూపించాడు. అన్నదమ్ముల పోలికలు ఉన్నాయి కాబట్టి సప్లయర్ నమ్మాడు. తరువాత గొడవ జరిగి, వయసు బయటపడి, షోకాజ్ నోటీసు వచ్చింది. ఆ బార్ యజమానికి ఒక అలవాటు ఉండేది. పాతికేళ్ళ లోపు వారిగా కనిపించే ప్రతి కస్టమర్ దగ్గర కార్డు అడగడం, అడిగిన సంగతి ఒక పుస్తకంలో తేదీ, సమయం, టేబుల్ నంబరు, ఏ రకం కార్డు, అందులోని పుట్టిన సంవత్సరం, చూసినవారి సంతకంతో రాయడం. నిరాకరించిన సందర్భాలు కూడా అదే పుస్తకంలో రాసి ఉన్నాయి. నిజానికి ఆ నిరాకరణలే ఆ యజమానిని కాపాడాయి. అమ్మినవే రాసి ఉంటే అది నోటీసు వచ్చాక కూర్చుని రాసిన పుస్తకమని అనుమానించేవారు. నెలల తరబడి, వేర్వేరు చేతిరాతలతో, ఫలానా టేబుల్‌కు మద్యం ఇవ్వలేదు, ఫలానావారు కోపగించుకుని వెళ్ళిపోయారు అని రాసి ఉన్న పుస్తకాన్ని ఎవరూ కాదనలేకపోయారు. సప్లయర్ కార్డు పట్టుకుని చూస్తున్న దృశ్యం కూడా దొరికింది. హెచ్చరికతో వదిలిపెట్టారు.

మీరు ఇప్పటి నుంచైనా చేయవలసింది అదే. కార్డు అడగడం ఆర్డరు తీసుకునే ముందు జరగాలి, బిల్లు ఇచ్చేటప్పుడు కాదు. టేబుల్ మీద ఎంతమంది ఉంటే అంతమందినీ అడగాలి, ఆర్డరు ఇచ్చినవాడిని ఒక్కడినే కాదు. ఒక్కరికి వయసు నిండకపోయినా ఆ టేబుల్‌కు బాటిల్ ఇవ్వకుండా, వయసు నిండినవారికి పెగ్గుల లెక్కన మాత్రమే, వారి ముందే గ్లాసు పెట్టి ఇవ్వడం మంచిది. నా సలహా అడిగితే ఆ టేబుల్‌కు మద్యమే ఇవ్వకపోవడం ఇంకా మంచిది, వ్యాపారం కొంత పోయినా సరే. క్యాష్ కౌంటర్ పక్కన సరిగ్గా 21 ఏళ్ళ కిందటి తేదీని రోజూ మార్చి రాసి, ఈ తేదీ తరువాత పుట్టినవారికి మద్యం ఇవ్వబడదని పెట్టండి. రద్దీలో సప్లయర్ మనసులో తీసివేతలు చేయనవసరం లేకుండా పోతుంది. కార్డుల ఫోటోలు తీసి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టే పని మాత్రం చేయకండి. కస్టమర్ల ఆధార్ వివరాలు అలా తిరగడం మీకు ఇంకో తలనొప్పి తెస్తుంది, చూసి రాసుకోవడం చాలు.

కాదన్నప్పుడు కుర్రాళ్ళు గొడవ పడితే 112కు ఫోన్ చేయండి. వారిని గదిలో పెట్టి తలుపు వేయడం, ఫోన్లు లాక్కోవడం లాంటివి ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. అది అక్రమ నిర్బంధం అవుతుంది, ఫిర్యాదుదారుగా ఉండవలసినవారు ముద్దాయిలవుతారు. మైనరు అప్పటికే తాగి ఉన్నాడని గమనిస్తే బయటికి నెట్టేయకండి. బండి మీద వెళ్ళనివ్వకుండా మాటలతో ఆపి, ఇంట్లోవారికి కబురు చేసి, వారు వచ్చేవరకు కూర్చోబెట్టడం మీ ధర్మం.

ఈ బండి సంగతి ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, బార్‌లో తప్పు జరిగిన ప్రతిసారీ అది బార్‌లోనే ఆగదు. 2024 మే 19న పుణెలోని కల్యాణి నగర్‌లో 17 ఏళ్ళ కుర్రవాడు నడిపిన పోర్షే కారు గుద్ది ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. అంతకు ముందు అతను స్నేహితులతో కలిసి మద్యం తాగాడన్న బార్ల యజమానినీ మేనేజర్లనూ బాలల న్యాయ చట్టం కింద అరెస్టు చేశారు, ఆ బార్లను అక్కడి ఎక్సైజ్ శాఖ సీలు చేసింది. ప్రమాదం బార్‌కు ఎంత దూరంలో జరిగిందన్నది ఎవరూ లెక్కపెట్టలేదు. మన దగ్గర కూడా జాతీయ రహదారి ఊళ్ళ మధ్య నుంచి పోతోంది, బెంజ్ సర్కిల్ నుంచి మంగళగిరి దాకా రాత్రి పూట బైకుల మీద ముగ్గురేసి వెళ్ళే పిల్లలను రోజూ చూస్తున్నాం. వారిలో ఒకరికి జరగరానిది జరిగితే, ఆఖరి గ్లాసు ఎక్కడిదని వెనక్కి వెతుక్కుంటూ పోలీసులు వచ్చేది మీ దగ్గరికే.

అలాంటి ప్రమాదంలో పరిహారం కూడా బార్ కట్టాలా అని మీరు చివర్లో అడిగారు. కొన్ని విదేశాల్లో ఉన్నట్టు, తాగినవాడు చేసిన నష్టానికి తాగించిన బార్ పరిహారం ఇవ్వాలనే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వాహన యజమానీ బీమా కంపెనీయే ప్రధానంగా ప్రతివాదులు. వాహనం నడిపింది మైనరు అయితే మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద సంరక్షకుడికి లేదా వాహన యజమానికి 3 ఏళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. ఆ తండ్రి గారు మీ దగ్గరికి వచ్చినప్పుడు కొడుకు బైక్ మీద వచ్చాడా అని మీరు అడగవలసిన పని లేదు, ఆ ప్రశ్నతో ఆయనను ఎదురు బెదిరించే ఆలోచన ఎవరైనా మీకు చెప్పి ఉంటే దాన్ని వదిలేయండి. నిర్లక్ష్యం కింద బార్ మీద సివిల్ దావా వేయడానికి మాత్రం ఎవరికీ అడ్డు లేదు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. మీ బార్‌లో బల్లలు తుడవడానికో, గిన్నెలు కడగడానికో పదహారు, పదిహేడేళ్ళ కుర్రవాళ్ళు ఉంటే రేపటి నుంచి వద్దనండి. ఒక కేసులో వంటగదిలో పనిచేసే 17 ఏళ్ళ కుర్రవాడు రద్దీ రోజున సప్లయర్ చేతులు ఖాళీ లేక రెండు బీర్లు టేబుల్‌కు తీసుకువెళ్ళాడు, ఆ సమయంలోనే తనిఖీ జరిగింది. బాలల న్యాయ చట్టం 78వ సెక్షన్ మద్యం అమ్మడానికీ, మోయడానికీ, అందించడానికీ పిల్లలను వాడుకోవడాన్ని నేరంగా చెబుతుంది. శిక్ష 77వ సెక్షన్‌తో సమానమే. వాడు తాగలేదు, ఎవరికీ తాగించలేదు, పేదింటి పిల్లవాడని జాలిపడి పని ఇచ్చాం అని యజమాని కోర్టులో కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. జాలి ఉంటే ఆ పిల్లవాడి ఫీజు కట్టండి, బార్‌లో పని ఇవ్వకండి.

ఇక మీ ముందున్న తక్షణ కర్తవ్యం. సీసీ కెమెరా దృశ్యాలను ఈ రోజే భద్రం చేయండి. చాలా డీవీఆర్‌లలో కొద్ది వారాలకే పాత దృశ్యాల మీద కొత్తవి వచ్చి పడతాయి. ఆ దృశ్యాలు మీకు వ్యతిరేకంగా ఉన్నా సరే చెరపకండి. సాక్ష్యాన్ని మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత 238వ సెక్షన్ కింద విడిగా నేరం, పైగా హార్డ్ డిస్క్ ఆ వారమే పాడైందన్న కథ ఏ స్టేషన్‌లోనూ కొత్త కాదు. దృశ్యాలను కోర్టులో మీరు వాడుకోవాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి కాబట్టి, కాపీ తీసేటప్పుడే ఎవరు తీశారు, ఏ పరికరం నుంచి తీశారు అన్నది రాసిపెట్టుకోండి. ఆ రాత్రి బిల్లు, ఆర్డరు చీటీలు, డ్యూటీ జాబితా కలిపి ఒక కవరులో పెట్టండి. అప్పుడు లేని రిజిస్టరును ఇప్పుడు వెనుక తేదీలతో రాయకండి. ఉన్న తప్పుకు జవాబు చెప్పుకోవచ్చు, దొంగ పత్రానికి చెప్పుకోలేరు.

ఆ తండ్రి గారి విషయంలో మీ మేనమామ గారే స్వయంగా వెళ్ళి మాట్లాడడం మంచిది. ఆయన కోపం న్యాయమైనది. కొడుకు ఏ స్థితిలో ఇంటికి చేరాడో, రాత్రంతా ఎలా గడిపారో ముందు వినండి. డబ్బు మాట ఎత్తకండి. ఫిర్యాదు ఆపడానికి డబ్బు ఇవ్వచూపారన్న మాట తరువాత ఏ అధికారి ముందు వచ్చినా మీ నిజాయితీ మీద అదే మొదటి మచ్చ అవుతుంది. జరిగినదానికి విచారం చెప్పి, ఇకపై ఏం మార్చారో చూపించండి. ఆయన ఫిర్యాదు చేస్తే చేయనివ్వండి, అది ఆయన హక్కు. షోకాజ్ నోటీసు వస్తే అందులో ఇచ్చిన గడువు లోపల, దృశ్యాలకు విరుద్ధంగా ఒక్క వాక్యం కూడా లేకుండా జవాబు ఇవ్వండి. మేజరుకే అమ్మాం అని ఒకచోట, మైనరని తెలియదు అని మరోచోట రాస్తే రెండూ పోతాయి.

చివరిగా సప్లయర్ సంగతి. ఇలాంటి కేసుల్లో లైసెన్సీకి న్యాయవాది ఉంటారు, మేనేజరుకు ఉంటారు, నెల జీతం మీద బతికే సప్లయర్‌కు ఎవరూ ఉండరు. చెప్పకుండా అతనే ఇచ్చాడు అని తప్పు మొత్తం అతని మీదికి తోసేయడం యజమానులకు చాలా సులువుగా తడుతుంది. వయసు అడగమని మీరు అతనికి ఎప్పుడూ చెప్పి ఉండకపోతే ఆ మాట అబద్ధం, విచారణలో అతను నోరు విప్పినప్పుడు అది మీకే ఎదురు తిరుగుతుంది. అతని ప్రయోజనాలూ మీవీ ఒకటి కాకపోవచ్చు కాబట్టి అతనికి వేరే న్యాయవాదిని పెట్టుకునే అవకాశం ఇవ్వండి, ఖర్చు మీ మేనమామ గారు భరించగలిగితే భరించండి. స్తోమత లేదంటే గుంటూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టించండి, అర్హత ఉంటే అక్కడ ఉచితంగానే న్యాయవాదిని ఇస్తారు. నోటీసు ప్రతి మీ చేతికి వచ్చాక అందులో ఏ సెక్షన్లు చూపారో ఇక్కడ రాయండి, జవాబు ఎలా రాయాలో అప్పుడు విడిగా చెబుతాను.